చర్చకు మార్కులు

పెద్దలారా, పరీక్ష యనగా నేమో మన గ్రామములలో నెల్లరకును దెలిసినదే. విద్యార్థి మూడు గంటలు తలవంచుకొని వ్రాయును. ఎక్కడనో యొక ఉపాధ్యాయుడు ఆ కాగితములను దిద్దును. కొన్నాళ్లకు మార్కులు వచ్చును. వ్రాసినవాని ముఖమును దిద్దినవాడు చూడడు. దిద్దినవాని పేరును వ్రాసినవాడు ఎఱుగడు. ఈ పద్ధతికి మనము ఎంతగా అలవాటుపడితిమనగా, చదువునకు కొలత యిది యొక్కటియే యని నమ్ముచున్నాము. ఇప్పుడు మన మనుమలును మనుమరాండ్రును చదువుచున్న విశ్వవిద్యాలయములలో మఱియొక కొలత ప్రవేశించినది. తరగతిలో జరుగు చర్చయందు విద్యార్థి యేమి పలికెను, తోడివాని మాటకు ఎట్లు బదులు చెప్పెను అను విషయములకు గూడ కొన్నిచోట్ల మార్కులు వేయుచున్నారు. ఆ చర్చయైనను అందఱును ఒక గదిలో గూర్చుండి చేయునది కాదు. ఎవరి యింట వారుండి, కంప్యూటరు మీదనో సెల్‌ఫోను మీదనో వ్రాయుచు జరుపునది. దీనిని ఆన్‌లైన్ చర్చ యందురు.

మాటకు మార్కు వేయుట సాధ్యమా? సాధ్యమైనచో న్యాయమా? ఈ ప్రశ్న క్రొత్తదిగా దోచును గాని మిక్కిలి పాతది. మన దేశమునందును, పరదేశములందును, విద్యార్థి వాక్కును కొలిచి వాని విద్యను నిర్ణయించు పద్ధతులు వ్రాతపరీక్షకు ఎంతో ముందే కలవు. ఆ చరిత్రను పరిశీలించినకొలది నాకొక విషయము స్పష్టమగుచున్నది. మాటను కొలువబూనినవారు పెక్కుమాఱులు ఒకే చిక్కులో పడిరి: కొలుచుటకు సులభమైనదానిని కొలిచి, కొలువవలసినదానిని విడిచిరి. ఆ చిక్కే నేడు మన పిల్లల యెదుటికి వచ్చియున్నది. కావున దీనిని మూలమునుండి విచారింతము.

నేను పాఠశాలలో నుపాధ్యాయుడనై చేరుటకు ముందు గురుసన్నిధిని తర్కసంగ్రహము చదివినవాడను. అందుచేత చర్చ యనగానే నాకు మొదట గౌతముని న్యాయసూత్రములు స్ఫురించును. ఆ శాస్త్రమునందు చర్చ మూడు విధములుగా విభజింపబడినది. తత్త్వమును దెలిసికొనుటకై, ప్రమాణములతోను తర్కముతోను జరుపునది వాదము. గెలుపునకై, కపటయుక్తులను సైతము వాడుచు జరుపునది జల్పము. తన పక్షమును స్థాపింపక, ఎదుటివాని పక్షమును ఖండించుటయే పనిగా బెట్టుకొన్నది వితండ. నేడు మనము వాడుకలో వితండవాదము అను మాట యక్కడనుండి వచ్చినదే. వైద్యశాస్త్రమందును ఈ వివేకము కలదు. చరకసంహితలోని విమానస్థానమున చర్చ రెండు విధములని చెప్పబడినది: స్నేహభావముతో కలసి చేయు సంధాయసంభాష, పోరుభావముతో చేయు విగృహ్యసంభాష. వైద్యుడు వైద్యునితో చర్చించుటవలన జ్ఞానము పెరుగుననియు, సందేహము తీఱుననియు ఆ గ్రంథము బోధించుచున్నది.

చర్చను కొలుచు పద్ధతిని గూడ న్యాయశాస్త్రమే చెప్పినది. మాటలాడువాడు ఎక్కడెక్కడ తప్పినచో ఓడినట్లో తెలుపు నిగ్రహస్థానములను ఇరువదిరెండింటిని గౌతముడు లెక్కించెను. వానిలో కొన్నిటిని మాత్రము చెప్పెదను. ఇవి ముందు మనకు పనికివచ్చును. అవసరము లేక చెప్పినదానినే మరల చెప్పుట పునరుక్తము. ప్రస్తుతవిషయమును విడిచి వేఱొకదానికి దాటుట అర్థాంతరము. బదులు తోచక యూరకుండుట అప్రతిభ. పని యున్నదని నెపము పెట్టి చర్చనుండి తప్పించుకొనుట విక్షేపము. వీనియన్నిటిలో నాకు మిక్కిలి ముఖ్యముగా దోచునది అననుభాషణము. ఎదుటివాడు మూడుమాఱులు చెప్పి, సభవారికి అర్థమైన మాటను గూడ తాను తిరిగి చెప్పలేకపోవుట దీని లక్షణము. అనగా వినలేదన్నమాట. విననివానికి బదులుచెప్పు అర్హత లేదని మన పూర్వులు శాస్త్రముగా వ్రాసియుంచిరి.

ఇందులో ఎవడు ఎన్నిమాఱులు మాటలాడెను అను లెక్క లేదు. అనవసరముగా ఎక్కువ మాటలాడుటయే దోషములలో నొకటి. ఈ యంశమును మనస్సునం దుంచుకొనుడు.

క్రీస్తుశకము ఏడవ శతాబ్దిలో చీనాదేశపు యాత్రికుడు హ్యుయన్‌త్సాంగు నలందా మహావిహారమునందు నివసించి చదివెను. అక్కడ ప్రవేశము గోరి వచ్చినవారిని ద్వారముకడనే కఠినమైన ప్రశ్న లడుగుచుండిరనియు, పదిమందిలో ఏడెనిమిదిమంది ఉత్తరము చెప్పలేక వెనుదిరుగుచుండిరనియు ఆయన వ్రాసెను. ఇది నోటిపరీక్షయే. దీనివలన అసమర్థులు లోనికి రాకుండిరి, సందేహము లేదు. కాని ద్వారముకడ నిలిచి తడుముకొనకుండ చెప్పగలిగినవాడే లోనికి పోవును. ఆలోచించి, తడవుమీద చెప్పువాడు బయటనే నిలుచును. వేగము వేఱు, లోతు వేఱు. నోటిపరీక్షకు ఈ లోపము మొదటినుండియు కలదు.

ఇక పశ్చిమదేశముల సంగతి చూతము. మన దేశములోని వ్రాతపరీక్షకు మాతృక ఆంగ్లదేశము గనుక అక్కడికి పోక తప్పదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందు పూర్వము పట్టపరీక్ష వాదరూపముననే జరుగుచుండెను. ఒక విద్యార్థి ఒక ప్రతిజ్ఞను చేసి నిలువబెట్టవలయును. ముగ్గురు విద్యార్థులు దానిని ఆక్షేపింపవలయును. మధ్యస్థుడు పైన గూర్చుండి వినవలయును. అంతయు లాటిను భాషలోనే. గణితములో అగ్రశ్రేణి పొందినవారికి అక్కడ రాంగ్లర్లని పేరు. ఆ మాటకు వాదులాడువాడని యర్థము. పరీక్షకు ట్రైపాసని పేరు వచ్చుట గూడ వాదసమయమున వేయు మూడుకాళ్ల పీటనుబట్టియే. 1899వ సంవత్సరమున ఆ రాంగ్లర్లలో ప్రథముడైన మొదటి భారతీయుడు రఘునాథ పురుషోత్తమ పరాంజపే. ఆయన కాలమునాటికి వాదము పోయినది. పేరు మాత్రము మిగిలినది.

ఆ వాదము ఎందుకు పోయెను? దానికి గల కారణములలో రెండు మనకు బోధకములు. మొదటిది భాష. విద్య గణితము, వాదము లాటిను. గణితములో బుద్ధి యున్నవానికి లాటిను తడబడినచో బుద్ధి వెలువడదు. రెండవది పద్దు. పట్టమునకు ఇన్ని వాదములు చేయవలయునని నిబంధన యుండుటచేత, విద్యార్థులు ఒకచో గూడి, అర్థము లేని నాలుగు వాక్యములను గబగబ పలికి, వాదము చేసినట్లు పద్దు నింపుకొనుట అలవాటయ్యెను. నిబంధన నిలిచెను, చర్చ చచ్చెను. పదునెనిమిదవ శతాబ్దిలో వ్రాతపరీక్ష క్రమముగా బలపడెను. 1839 ప్రాంతమునకు గణితవాదములు ఆగిపోయెను. రాంగ్లర్లను వరుసక్రమమున ప్రకటించుట సైతము 1909తో ముగిసెను.

వ్రాతపరీక్షలో గొప్ప న్యాయము కలదు. అందఱికి నొకే ప్రశ్న, ఒకే కాలము. సిగ్గరికిని మాటకారికిని భేదము లేదు. ఇందుచేతనే అది లోకమును గెలిచినది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో విశ్వవిద్యాలయములు స్థాపింపబడినప్పుడు వానికి ఆదర్శము లండను విశ్వవిద్యాలయము. తొలినాళ్లలో అవి బోధించునవి కావు, పరీక్షించి పట్టములిచ్చునవి. 1926లో ఆంధ్రవిశ్వవిద్యాలయము ఏర్పడువఱకు కోస్తా, రాయలసీమ విద్యార్థులు మద్రాసు పరీక్షలకే పోవుచుండిరి. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో వెలసెను. ఇట్లు మూడు నాలుగు తరముల కాలము మన విద్యావంతులు వ్రాతచేతనే తూచబడిరి. గురువునెదుట నిలిచి వాక్యార్థము చెప్పు పద్ధతి సంస్కృతపాఠశాలలలో మాత్రము మిగిలెను.

దాని ఫలమును మన పెద్దలే గుర్తించిరి. 1931నుండి 1936వఱకు ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా నున్న సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1948, 49 సంవత్సరములలో విశ్వవిద్యాలయవిద్యా సంఘమునకు అధ్యక్షత వహించెను. విశ్వవిద్యాలయ విద్యలో ఒక్క సంస్కరణను మాత్రమే సూచింపుమన్నచో, అది పరీక్షల సంస్కరణయే కావలయునని ఆ సంఘము తీర్మానించెను. కంఠపాఠము చేసి వ్రాసి మఱచిపోవు చదువు నిలువదని వారి యభిప్రాయము.

పరదేశములలో ఇంతకుముందే చర్చ మరల తరగతిలోనికి వచ్చుచుండెను. పందొమ్మిదవ శతాబ్దిలో బెర్లిను విశ్వవిద్యాలయమున రాంకె యను చరిత్రకారుడు కొలదిమంది శిష్యులను తన చుట్టు గూర్చుండబెట్టుకొని, మూలపత్రములను ముందుంచి, వారిచేత విమర్శ చేయించుచుండెను. సెమినారను పేర నిది యెల్లెడల వ్యాపించెను. ఇరువదవ శతాబ్ది తొలిభాగమున అమెరికాలోని హార్వర్డు వాణిజ్యవిద్యాలయము, నిజముగా జరిగిన వ్యాపారసమస్యను చదివి వచ్చి తరగతిలో చర్చించు పద్ధతిని తన ప్రధానపద్ధతిగా జేసికొనెను. అక్కడ పెక్కు పాఠ్యాంశములలో చర్చకే సగము వఱకు మార్కు లుండుట ప్రసిద్ధము. ఇట్లు కేంబ్రిడ్జిలో వెళ్లిపోయిన వాదపరీక్ష వేఱు వేషమున తిరిగివచ్చినది. దానితోపాటు పాత కష్టము గూడ తిరిగివచ్చినది. ఒక తరగతి యేబది నిమిషములు. విద్యార్థులు నలుబదిమంది యనుకొనుడు. ఉపాధ్యాయుడు మౌనము వహించినను ఒక్కొక్కనికి నిమిషమున్నర కంటె తక్కువ కాలమే లభించును. చొరవ గలవాడు పది నిమిషములు దీసికొనును. జంకువాడు ఏమియు దీసికొనడు. మాటలు గాలిలో కలసిపోవును. సాయంకాలము ఉపాధ్యాయుడు జ్ఞాపకమునుబట్టి మార్కు వేయవలయును.

ఈ కష్టమునకు కంప్యూటరు ఒక యుపాయమును చూపెను. 1973లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున ప్లేటో యను కంప్యూటరు వ్యవస్థలో, ఒకరు వ్రాసిన మాట క్రింద మఱియొకరు తమ మాట వ్రాయుటకు వీలైన పద్ధతి వెలసెను. తరువాతి దశకమున న్యూజెర్సీలో స్టార్ రాక్సేన్ హిల్ట్జ్ అను ఆచార్యురాలు, గోడలు లేని తరగతి యేర్పఱచి, అందలి బోధన గదిలోని బోధనతో తులతూగునా యని పరిశోధించెను. 1969లో స్థాపింపబడిన బ్రిటనుదేశపు ఓపెన్ యూనివర్సిటీ 1988లో ఒక పాఠ్యాంశమున వేయిమందికి పైగా విద్యార్థులను ఇట్టి చర్చలోనికి దింపెను. వారు దేశమంతట చెదరి, ఉద్యోగములు చేసికొనుచు చదువువారు. ఒక చోటికి రాలేనివారు ఒక చోట మాటలాడిరి.

దీనిని మన రచ్చబండతో పోల్చి చెప్పెదను. రచ్చబండ యొద్ద ఒకరు మాటలాడునప్పుడు మఱియొకరు ఆగవలయును, చీకటిపడిన లేవవలయును. ఈ క్రొత్త రచ్చబండ యొద్ద ఎవరికి తీరికైనప్పుడు వారు వచ్చి తమ మాట వ్రాసి పోవుదురు. మధ్యలో నడ్డుపడువారు లేరు. బదులు చెప్పుటకు రెండు దినములు ఆలోచింపవచ్చును. జంకువాడు సైతము వ్రాయగలడు. అన్నిటికంటె ముఖ్యముగా, పలికిన మాట చెదరక నిలిచియుండును. నలందా ద్వారముకడ తడుముకొని వెనుదిరిగిన నిదానబుద్ధికి ఇందు చోటు దొరికినది. ఇది చర్చాచరిత్రలో సామాన్యమైన మార్పు కాదు.

కాని మాట నిలిచినచో దానిని లెక్కపెట్టవచ్చును. కంప్యూటరు తనంత తానే లెక్క చెప్పును: ఈ విద్యార్థి యేడుమాఱులు వ్రాసెను, ఆ విద్యార్థి రెండుమాఱులు, ఇంకొకడు వ్రాయనేలేదు. ఉపాధ్యాయునికి వందలకొలది సందేశములు. చదువుటకు దీరిక యుండదు. అంకె మాత్రము కన్నులయెదుట నుండును. కావున నిబంధన లేర్పడెను. వారమునకు ఒక స్వంతాభిప్రాయము, ఇద్దఱు తోడివారికి బదులు, ఇన్ని పదములకు తక్కువ గాకూడదు. చేసినవానికి మార్కు, చేయనివానికి సున్న. ఇట్టి నిబంధన నేడు అనేకదేశములలో వాడుకలో నున్నది. దాని ఫలమును ఊహించుటకు పెద్ద శాస్త్రజ్ఞానము అక్కఱలేదు. గడువు ముగియు రాత్రి సందేశములు గుంపులుగా వచ్చును. మీ యభిప్రాయము చక్కగా నున్నది, నేను ఏకీభవించుచున్నాను అని ఒకడు వ్రాయును. దానినే పదములు మార్చి మఱియొకడు వ్రాయును. కేంబ్రిడ్జి విద్యార్థులు లాటినులో గబగబ పలికి పద్దు నింపినట్లే యిది. గౌతముని లెక్కలో నిది పునరుక్తము, ఓటమికి స్థానము. నేటి లెక్కలో దీనికి మార్కు!

విద్వాంసులు ఈ లోపమును గుర్తింపకపోలేదు. 1992లో కెనడా దేశపు ఫ్రాన్స్ ఆఁరీ యను విదుషి, సందేశముల సంఖ్యను మాత్రమే గాక వాని లోపలి సరకును చూడవలయునని చెప్పి, అయిదు దృష్టులను ఏర్పఱచెను: ఎంత పాల్గొనెను, ఎట్లు కలసిమెలసి మాటలాడెను, ఒకరి మాటకు ఒకరి మాట ఎట్లు తగిలెను, ఏమి ఆలోచించెను, తన యాలోచనను తానెట్లు పరిశీలించుకొనెను అని. 1997లో షార్లెట్ గుణవర్ధన యను ఆచార్యురాలును ఆమె తోడివారును, చర్చ యెక్కు మెట్లను అయిదింటిని చూపిరి: తెలిసినది పంచుకొనుట, భేదము కనుగొనుట, దానిని విచారించి సంధి కుదుర్చుకొనుట, కుదిరిన భావమును పరీక్షించుట, దానిని ఒప్పుకొని వాడుకొనుట. ఈ మెట్లను చదివినప్పుడు నాకు మన వాదలక్షణమే మరల స్ఫురించినది. వారు మన శాస్త్రమునుండి గ్రహించిరని నా యభిప్రాయము కాదు. నిజమైన చర్చను పరిశీలించినవారు ఎక్కడనున్నను ఇట్టిదానినే కందురని మాత్రము చెప్పుచున్నాను.

2001లో కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయమునకు జెందిన గారిసన్, ఆండర్సన్, ఆర్చర్ అను మువ్వురు విద్వాంసులు, ఒక చర్చలోని 24 సందేశములను ఏరి, ప్రతిదానిని తూచిచూచిరి. వానిలో ప్రశ్నను లేవనెత్తినవి 2. తలకొక యభిప్రాయము చెప్పుచు వెదకినవి 10. ఆ యభిప్రాయములను జోడించి యొక భావముగా గూర్చినవి 3. నిర్ణయమునకు దెచ్చినది 1. ఈ కోవలలో దేనికిని జెందనివి 8. ఇరువదినాలుగు సందేశములు అల్పసంఖ్యయే. వీనినిబట్టి లోకమునంతను తీర్మానింపరాదు. అయినను తరువాతి పరిశోధనలు పెక్కింటిలో ఇదే పోకడ కానవచ్చెను. అభిప్రాయము విసరుట సులభము; నలుగురి మాటను గూర్చి నిర్ణయమునకు దెచ్చుట అరుదు. 2005లో గారిసన్ మఱియొక విదుషితో గలసి, మాటలు మార్చుకొన్నంతమాత్రమున లోతైన చదువు పుట్టదనియు, ఉపాధ్యాయుడు చర్చను నడపు విధముపై నది యాధారపడియున్నదనియు చూపెను. మంచి ప్రశ్న వేసి, వాదమును దారిలో బెట్టు మధ్యస్థుడు లేనిచో ఎన్ని సందేశములైనను రాసి పోసిన పొల్లువంటివే.

ఇంతవఱకు చెప్పినది చర్చ గుణమును గుఱించి. ఇక న్యాయమును గుఱించి చెప్పవలసియున్నది. ఇది మన యిండ్లకు సంబంధించినది.

భారతదేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదుననే వెలసెను. 1991లో దానికి డాక్టర్ బి. ఆర్. అంబేద్కరు పేరు పెట్టిరి. కళాశాలకు పోలేనివారికి ఇంటికడ చదువు నందించుట దాని ధ్యేయము. 2017వ సంవత్సరము జూలై 9వ తేదీన కేంద్రప్రభుత్వము స్వయం అను ఆన్‌లైన్ విద్యావేదికను ప్రారంభించెను. అందు ఉపన్యాసము, పాఠ్యసామగ్రి, స్వయంపరీక్ష, చర్చావేదిక అనునవి నాలుగంగములు. అట్లు చర్చకు చోటు ఏర్పడినది. పిమ్మట 2020 మార్చిలో కరోనా వ్యాధిచేత విద్యాలయములన్నియు మూతపడగా, పాఠములు ఒక్కసారిగా సెల్‌ఫోనులోనికి ప్రవేశించెను. తరగతికి వచ్చినాడా, మాటలాడినాడా, సందేశము వ్రాసినాడా అనునవే విద్యార్థి యున్నాడనుటకు సాక్ష్యములయ్యెను.

అప్పటికి కొలదికాలము ముందు, 2017–18లో, కేంద్రప్రభుత్వపు జాతీయ నమూనా సర్వే లెక్కలు దీసెను. వానినిబట్టి పట్టణములలో నూటికి 42 గృహములకు ఇంటర్నెట్టు వసతి యుండగా, గ్రామములలో నూటికి ఇంచుమించు 15 గృహములకే యుండెను. కంప్యూటరు గల గృహములు పట్టణములలో నూటికి 23, గ్రామములలో నూటికి 4. పిదప సెల్‌ఫోనులు విస్తారముగా బెరిగినవి గాని, ఆనాడు మౌనముగా నుండిన విద్యార్థి మౌనము దేనివలననో ఈ యంకెలు చెప్పుచున్నవి. అది అప్రతిభ కాదు, అందుబాటు లేమి.

మా వీథిలోని యొక రైతుకుటుంబము నాకు దెలియును. ఆ యింట డిగ్రీ చదువుచున్న బాలిక యున్నది. ఆ కాలమున ఇంటికంతకును సెల్‌ఫోను ఒకటి. తండ్రి ఉదయమే దానిని దీసికొని పొలమునకు పోవును. రాత్రి యెనిమిది గంటలకు ఆమె చేతికి వచ్చును. అప్పటికి తోడివారి చర్చ ముగిసియుండును. ఆమె అందఱి మాటలను శ్రద్ధగా చదివి, ఎవరు ఎక్కడ పొరపడిరో మా యరుగుమీద గూర్చుండి తెలుగులో నాతో చక్కగా చెప్పెడిది. దానినే ఆంగ్లమున వ్రాయుటకు జంకి రెండు వాక్యములతో సరిపెట్టెడిది. కంప్యూటరు లెక్కలో ఆమె పాల్గొనని విద్యార్థిని. నా లెక్కలో ఆ చర్చను పూర్తిగా వినినది ఆమెయే. కేంబ్రిడ్జిలో గణితవిద్యార్థికి లాటిను అడ్డుపడినట్లు ఇక్కడ ఆంగ్లము అడ్డుపడినది. చదివి, ఆలోచించి, వ్రాయక యూరకుండువారు ప్రతి ఆన్‌లైన్ తరగతిలోను ఉందురు. వారిని సోమరులతో జమకట్టుట అన్యాయము.

మఱియొక క్రొత్త చిక్కు గూడ వచ్చినది. 2022 నవంబరు 30వ తేదీన చాట్‌జీపీటీ యను కృత్రిమమేధాయంత్రము లోకమునకు విడుదలయ్యెను. అడిగినదే తడవుగా నది చక్కని వాక్యములతో చర్చాసందేశమును వ్రాసి యిచ్చును. ఇన్ని పదములు, ఇన్ని బదులులు అను నిబంధనను అలసట లేక నెగ్గించును. సంఖ్యనుబట్టి మార్కు వేయువాడు ఇకమీద యంత్రమునకు మార్కు వేయవలసివచ్చును. అందుచేత కొందఱు ఉపాధ్యాయులు మరల నోటిపరీక్షను ఆశ్రయించుచున్నారు. విద్యార్థిని ఎదుట గూర్చుండబెట్టి, నీవు వ్రాసినదానిని నీ మాటలతో చెప్పుము, నీ తోడివాడు చేసిన యాక్షేపణ మేమి, దానికి నీ సమాధాన మేమి యని యడుగుచున్నారు. ఇది గౌతముడు చెప్పిన అనుభాషణమే కదా! తిరిగి చెప్పగలిగినవాడే వినినవాడు.

కావున చర్చకు మార్కులే వలదని నేను చెప్పను. మార్కు లేనిదానిని విద్యార్థి చేయడు. చర్చ చేయనివానికి బుద్ధి పదునెక్కదు. కాని మార్కు వేయు పద్ధతి మారవలయును. మొదటిది, తాము కోరునది వాదమా జల్పమా అను సంగతిని ఉపాధ్యాయుడు ముందుగనే చెప్పవలయును. గెలిచినవానికి మార్కు వేసినచో అందఱును జల్పమునకు దిగుదురు. రెండవది, సందేశముల సంఖ్యను విడిచి, తోడివాని మాటను సరిగా గ్రహించి, దానికి క్రొత్తగా నేమి చేర్చెనో చూడవలయును. నేను ఉన్నతపాఠశాలలో బోధించిన కాలమున, బాలుడు బదులు చెప్పుటకు ముందు ఎదుటివాని మాటను తిరిగి చెప్పవలయునని నియమము పెట్టితిని. నియమము చిన్నదే, కేకలు తగ్గి ఆలోచన పెరుగుట స్పష్టముగా గనబడెను. మూడవది, విద్యార్థి తాను వ్రాసినవానిలో మేలైనవి రెండు మూడు ఏరి చూపినచో, వానినే దిద్దవలయును. అప్పుడు వంద వ్రాసినవాడును మూడు వ్రాసినవాడును ఒకే త్రాసున నిలుతురు. ఉపాధ్యాయునికిని శ్రద్ధగా చదువుటకు తీరిక గలుగును. నాలుగవది, సిగ్నలు లేనివానికి గడువును, ఆంగ్లము రానివానికి మాతృభాషను, వ్రాయజంకువానికి నోటను చెప్పు వీలును కల్పింపవలయును. వీనిలో ఏదియు ధనముతో గూడిన పని కాదు.

పెద్దలారా, ఈ నియమములను చేయువారు విశ్వవిద్యాలయములందున్నారు; మనము కాము. అయినను మన చేతిలో నున్న పనులు కొన్ని కలవు. రచ్చబండ యొద్ద తగవు తీర్చునప్పుడు ఎవడు ఎక్కువ మాటలాడెనని మీరు లెక్కింపరు. ఎవడు ఎదుటివాని మాట విని బదులు చెప్పెనో చూతురు. ఆ వివేకమునే మీ యిండ్లలో చదువుచున్న పిల్లలయెడ జూపుడు. సాయంకాలము ఎన్ని మార్కులు వచ్చినవని యడుగుటకు ముందు, నేటి చర్చలో నీ తోడివా డేమనెను, దానికి నీ వేమంటివి యని యడుగుడు. వారు తెలుగులోనే చెప్పనిండు; మీకు దెలియని మాట యున్న విడమరచి చెప్పుమనుడు. చెప్పగా చెప్పగా మఱునాడు వ్రాయుటకు జంకు తగ్గును. ఇంట చదువుకొను ఆడపిల్ల యున్నచో, సెల్‌ఫోను ప్రతిదినమును రెండు గంటలు, తోడివారు చర్చించు వేళకే, ఆమె చేతిలో నుండునట్లు చూడుడు.